లెస్లీ బెంచీ ముందు క్యూ

డోరీన్ హాక్స్‌వెల్ తన మొగుడి బెంచీ మీద కూర్చోవడానికి క్యూలో నిలబడి ఉండగా నేను మొదట చూసింది ఏప్రిల్‌లో ఒక మంగళవారం. మధ్యాహ్నం మూడు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. ఆమె ముందు పద్నాలుగు మంది ఉన్నారు. పద్నాలుగు మెడల్లోనూ బూడిద రంగు మఫ్లర్లు. డోరీన్ చేతిలో టీ ఫ్లాస్కు, భుజాన గుడ్డ సంచి.

"ఇక్కడేం చేస్తున్నావు?" అన్నాను.

"నిలబడ్డాను శేష్. కనిపించడం లేదా?"

"అది నీ బెంచీ కదా."

"నాదే అనుకో. కానీ వీళ్ళు నాకంటే ముందొచ్చారు." ఆ మాట కూడా ముందు నిలబడ్డ పిల్లకి వినపడకుండా, గొంతు బాగా తగ్గించి అంది.

ఇంగ్లండులో సముద్రపు ఒడ్డున ఉన్న ఈ స్కార్విక్‌లో నలభై ఏళ్ళు మందుల షాపు నడిపాను. ఊళ్ళో ఎవరికి ఏ నొప్పి ఉందో నాకు తెలుసు. క్యూలో అడ్డం దూరిన వాణ్ణి ఈ జనం ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారనీ తెలుసు. కానీ సొంత మొగుడి పేరున్న బెంచీకి ఆఖర్న వెళ్ళి నిలబడే మనిషిని మాత్రం అదే మొదటిసారి చూడటం.

డోరీన్ చేపల రేవు వెనక వీధిలో పుట్టింది. బడిలో మధ్యాహ్నం భోజనాలు వడ్డించే ఉద్యోగం ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసింది. కస్టర్డ్ మీద మీగడ ఇష్టంలేని పిల్లలెవరో ఆమెకు కంఠతా వచ్చు. ఇప్పుడు బట్టతలలతో తిరుగుతున్న ఆ పిల్లలు రోడ్డు మీద కనిపిస్తే, "నీకు మీగడ పడదు కదూ," అని పలకరిస్తుంది. లెస్లీ పన్నెండో నంబరు బస్సు డ్రైవరు. పొద్దుటి షిఫ్టు రెండున్నరకి దిగి, బస్సు అప్పజెప్పి, మూడింటికి సముద్రపు ఒడ్డు రోడ్డుకి వచ్చేవాడు. డోరీన్ బడి నుంచి నేరుగా అక్కడికే. ఇద్దరూ ఒక ఫ్లాస్కు టీ తాగి, ఆ రోజు కబుర్లు చెప్పుకుని, నాలుగింటికి ఇంటికి వెళ్ళేవారు. రిటైరయ్యాక కూడా మూడింటికే వచ్చేవారు.

ఇంకో అలవాటు కూడా ఉండేది వాళ్ళకి. సర్కారు కవర్లు, ఆసుపత్రి కవర్లు, చూడగానే గుండె జారే కవర్లు ఏవి వచ్చినా ఇంట్లో విప్పేవారు కాదు. జేబులో పెట్టుకుని ఇక్కడికి తెచ్చి, ఇద్దరూ కలిసి విప్పేవారు. "ఇంట్లో విప్పితే ఆ కబురు మనతోనే కాపురం పెడుతుంది," అనేవాడు లెస్లీ. అతని ఊపిరితిత్తుల సంగతి తెలిపిన ఉత్తరం కూడా అక్కడే విప్పారు. తర్వాత పదకొండు నెలలు బతికాడు.

మా ఒడ్డు రోడ్డు మీద, పోయినవాళ్ళ పేరిట బెంచీ వేయించి, వీపుకి చిన్న ఇత్తడి రేకు కొట్టించడం ఆనవాయితీ. మొత్తం ముప్ఫై ఏడు బెంచీలున్నాయి. ఈ చివర నుంచి ఆ చివరకి నడిస్తే ఊళ్ళో పోయినవాళ్ళందరినీ పలకరించి రావచ్చు. ఉత్తరపు చివరిది లెస్లీది. "లెస్లీ హాక్స్‌వెల్, బస్సు డ్రైవరు. ఇక్కడ దిగాడు," అని రాయించింది డోరీన్. ఆరేళ్ళుగా క్రిస్మస్ ఒక్కరోజు తప్ప ప్రతి మధ్యాహ్నం మూడింటికి అక్కడ కూర్చుని, అతనికి కబుర్లు చెప్పి వెళ్ళేది.

రెండేళ్ళ కిందట సినిమా వాళ్ళొచ్చారు. ఆ సినిమా పేరు రాయను. రాస్తే ఇంకో బస్సు జనం దిగుతారు.

పెద్ద తారలు లేని సినిమా. దర్శకుడికి ముప్ఫై దాటలేదు, బూట్లకి చిల్లులు. వాళ్ళకి కావలసింది మా ఊరి మంచు. వసంతకాలంలో సముద్రం మీంచి ఒక్కసారిగా లేచి వస్తుంది. అది ఎంత చిక్కగా ఉంటుందంటే, ఓ ఏడాది పాలవాడు మెట్లనుకుని దాని మీదే సీసాలు పెట్టి వెళ్ళిపోయాడు. పన్నెండింటికి మంచు విడిచాక వీధంతా ఒకేసారి సీసాలు పగిలిన చప్పుడు. ఈ కథ దర్శకుడికి నేనే చెప్పాను. అతను పుస్తకంలో రాసుకున్నాడు.

అతను డోరీన్ ఇంటికి వెళ్ళి అడిగాడు. "మీకు ఇబ్బందేమీ లేకపోతే, ఓ నాలుగు రోజులు ఆ బెంచీ..."

"ఇబ్బందేముంది బాబూ. ముందు ఆ బూట్లు విప్పి పొయ్యి దగ్గర పెట్టు," అంది డోరీన్.

నాలుగు రోజులు పంతొమ్మిది రోజులయ్యాయి. ఆమె వాళ్ళకి రోజూ కేకు చేసి పంపింది. లెస్లీ మోకాళ్ళ మీద కప్పుకునే గళ్ళ దుప్పటి కూడా ఇచ్చింది. అది సినిమాలో ఉంది. కథలో ఆ బెంచీ ఎస్తర్ అనే చచ్చిపోయిన అమ్మాయిది. అందుకని లెస్లీ రేకు మీద "ఎస్తర్ కోసం" అనే ఇంకో రేకు పెట్టి మరలు బిగించారు. "సోమవారం వచ్చి తీసేస్తాం," అన్నారు. ఆ సోమవారం ఇంతవరకూ రాలేదు.

ఒకసారి నేను స్క్రూడ్రైవరు పట్టుకుని బయల్దేరాను. డోరీన్ ఆపేసింది. "వాళ్ళ వస్తువు శేష్. అడక్కుండా ఎలా తీస్తాం? పాపం, పనుల్లో ఉండి ఉంటారు." ఇప్పుడు తీద్దామన్నా ఉప్పుగాలికి మరలు తుప్పు పట్టి రేకుతో ఒకటైపోయాయి.

మా ఊరి సినిమా హాలులో ఎనభై నాలుగు సీట్లు. మాలాంటి ముసలివాళ్ళమే టికెట్లు చింపి, ఐస్‌క్రీము అమ్మి నడుపుతాం. ఒక్క వారం ఆడిద్దామని తెచ్చిన ఆ సినిమా పద్నాలుగు వారాలు ఆడింది. నేను నలభైసార్లు చూశాను, అందులో ఇరవైసార్లు కళ్ళు తెరిచి. కథ పెద్దగా లేదు. ఎస్తర్ వాళ్ళ అక్క, మెడలో బూడిద రంగు మఫ్లరుతో, రోజూ ఆ బెంచీ మీద కూర్చుని చెల్లెల్ని చంపినవాడి కోసం ఎదురుచూస్తుంది. చంపింది వాడా, ఈమేనా అన్నది తేల్చరు. చివరి పదకొండు నిమిషాలూ మాటలుండవు. మంచు, దూరంగా పడవల హెచ్చరిక కొమ్ము, అంతే. మంచు బెంచీని కప్పేస్తుంది, మళ్ళీ విడుస్తుంది, బెంచీ ఖాళీ. ఆ పదకొండు నిమిషాల్లో హాలులో ఒక్కరు చాక్లెట్ కాగితం విప్పితే ఒట్టు. దీపాలు వెలిగాక కూడా జనం కదిలేవారు కాదు. ఒకాయన ఇరవై రెండోసారి చూసి, బయటికొచ్చి నా చేయి పట్టుకుని మర్నాటి ఆటకి టికెట్ అడిగాడు.

డోరీన్ ఒక్కసారే చూసింది, మధ్యాహ్నం ఆట. "ఎలా ఉంది?" అన్నాను.

"బెంచీ బాగా పడింది. లెస్లీ ఉంటే మురిసిపోయేవాడు. ఆ అమ్మాయి మాత్రం పాపం, ఒక్క గుక్క టీ కూడా తాగదేం?"

ఆ పద్నాలుగు వారాల తర్వాత లీడ్స్ నుంచి, షెఫీల్డ్ నుంచి, లండన్ నుంచి జనం మొదలయ్యారు. చెడ్డవాళ్ళు కారు. చెత్త పారేయరు, గట్టిగా మాట్లాడరు. బెంచీ మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, సముద్రం వైపు చూస్తూ ఫోటో దిగుతారు. వాళ్ళలో ఇమొజెన్ అనే అమ్మాయి పెద్ద. లీడ్స్‌లో లైబ్రరీ ఉద్యోగం. ఏప్రిల్ అంతా ఇక్కడే గది తీసుకుని ఉంది. మనిషికి ఇంతసేపని నియమం పెట్టింది ఆమే. మంచులో చూడాలని కొందరు తెల్లారకముందే వచ్చేవారు.

ఆ మంగళవారం డోరీన్ వంతు వచ్చేసరికి నాలుగున్నర అయింది. వాన మొదలైంది. ఆమె కూర్చోకుండానే నాతో వెనక్కి నడిచింది.

"రేపు పొద్దున్నే రాకూడదూ? పదింటికి అంత జనం ఉండరు," అన్నాను.

"పదింటికి లెస్లీ డ్యూటీలో ఉంటాడు."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. సంచిలోంచి రుమాలు తీయబోతే, దానితోపాటు ఒక కవరు పైకొచ్చింది. ఆసుపత్రి ముద్ర ఉంది. ఆ కవరు మూల మడత పడి, మురికి పట్టి ఉంది.

"ఎన్నాళ్ళయింది వచ్చి?"

"రేపటికి తొమ్మిది రోజులు. మెడ కింద గడ్డ అన్నాను చూడు, సూదితో గుచ్చి తీసుకెళ్ళారు కదా. అదే అయ్యుంటుంది."

"డోరీన్, ఇలా తే. నేను విప్పుతాను. లేకపోతే నా వంటింట్లో కూర్చుని నువ్వే విప్పు."

"ఉహూఁ. బెంచీ దగ్గరే. ఒక పావుగంట దొరికితే చాలు నాకు."

"వాళ్ళతో చెప్తే లేచి దణ్ణం పెట్టి మరీ కూర్చోబెడతారు."

"అంతదూరం నుంచి వచ్చిన పిల్లల్ని లేవమంటామా? నువ్వు కూడా ఏమీ అనకు. నామీద ఒట్టేయి."

ఒట్టేశాను. ఆమె గురించి చెప్పనని మాత్రమే ఒట్టు. మిగతావి చెప్పకూడదని లేదు కదా.

శనివారం మా హాలులో ఆ సినిమానే మళ్ళీ వేశాం. ఆటకి ముందు గుమ్మంలో ఇమొజెన్‌నీ ఆమె మూకనీ పోగేశాను. నేను ఏది చెప్పినా వాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటారు. అంతకు ముందే పాలసీసాల కథ, ఫాదర్ గారి కట్టుడు పళ్ళు ఎత్తుకుపోయి ఆదివారం ప్రార్థనకి తెచ్చిచ్చిన సముద్రపు పక్షి కథ చెప్పి ఉన్నాను.

"ఆ బెంచీ మీద మూడు నుంచి మూడున్నర దాకా ఎవరూ కూర్చోకండమ్మా," అన్నాను.

"ఏం తాతగారూ?"

"వద్దంటే వినాలి. వందేళ్ళ కిందట అక్కడే ఒక పడవ కెప్టెన్ పెళ్ళాం మొగుడి కోసం చూస్తూ చూస్తూ మంచులో కలిసిపోయింది. మూడింటికి వస్తుంది. ఆ టైములో తన చోట ఎవరైనా కూర్చుంటే మెడ మీద ఊదుతుంది. వాళ్ళకి మర్నాటికి గొంతు పోతుంది. మా షాపులో గొంతు మాత్రలు అమ్మీ అమ్మీ నా చేతులు పడిపోయాయి."

కాన్వెంటులో సిస్టర్లు నాకు నేర్పిన ఇంగ్లీషంతా పెట్టి, చేతులు తిప్పి మరీ చెప్పాను. ఇమొజెన్ కళ్ళు పెద్దవయ్యాయి. ఇక మూడింటికి ఆ దరిదాపులకు ఎవరూ రారని, డోరీన్‌కి పావుగంట కాదు అరగంట దొరుకుతుందని లోపల నవ్వుకున్నాను.

ఆదివారం మూడింటికి ఆ బెంచీ దగ్గర అరవై మంది. సోమవారం, పని దినం, డెబ్బై. ఇమొజెన్ నా కథని ఫోన్లో లోకమంతా చాటింది. పొద్దుట ఎవరూ లేరు, పదింటికి ఎవరూ లేరు. అందరూ మూడింటికే. మెడ మీద మఫ్లరు కొంచెం జార్చుకుని కూర్చుంటున్నారు, ఊదితే తెలియడానికి. జనం ఎక్కువయ్యారని మనిషికి ఒక్క నిమిషమని ఇమొజెన్ కొత్త నియమం పెట్టింది.

"పోనీ, బాగా కళకళ్ళాడుతోంది," అంది డోరీన్ క్యూ చివర్న నిలబడి. "ఏదో దయ్యమట. నీకు తెలుసా?"

తెలీదన్నాను.

బుధవారం ఆమె రెండింటికే వచ్చి నిలబడింది. మూడూ ఇరవైకి వంతు వచ్చింది. ఎవరో తన మఫ్లరు తీసి ఆమె మెడలో వేశారు. డోరీన్ కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను. "గాలి ఇవాళ ఉత్తరం నుంచి ఉంది లెస్లీ. పొద్దున్న కాస్త తెరిపిచ్చింది కానీ మళ్ళీ మూసుకుంది. రేపు కొంచెం నయమట..."

ఇక్కడివాళ్ళు ప్రాణం మీదికొచ్చినా ముందు వాన, గాలి చెప్పుకుంటే గాని అసలు మాటలోకి దిగరు. డోరీన్ చేయి కవరు మీదికి వెళ్ళింది. ఇమొజెన్ వంగి, చాలా మెల్లగా, "అమ్మా, నిమిషం అయింది," అంది.

"అయ్యో, క్షమించు తల్లీ," అని డోరీన్ చటుక్కున లేచి, మఫ్లరు తీసి మడతపెట్టి ఇచ్చేసింది.

అక్కడితో నా ఒట్టు గట్టు దాటింది. ఆమె బస్సు స్టాపు వైపు కాస్త దూరం వెళ్ళగానే ఇమొజెన్‌ని పక్కకి పిలిచాను.

"దయ్యం కథ అబద్ధం. నేనే అల్లాను. ఆ బెంచీ ఇందాక లేచి వెళ్ళిందే, ఆమె మొగుడిది. ఆ ఎస్తర్ రేకు కింద అతని పేరుంది. ఆమె సంచిలో ఆసుపత్రి ఉత్తరం ఉంది. ఈ బెంచీ మీదే విప్పాలని పదహారు రోజులుగా మోస్తోంది. దయచేసి మూడింటికి ఒక్క పావుగంట మీరంతా అవతలికి వెళ్ళండి."

ఇమొజెన్ నా మొహంలోకి చూసింది. చివరికి ఈ పిల్లకి అర్థమైందనుకున్నాను.

"ఎంత బాగుంది," అంది. "కింద ఇంకో పేరు. సంచిలో విప్పని ఉత్తరం. తాతగారూ, పాలసీసాల కథ కంటే ఇది వందరెట్లు నయం."

"కథ కాదమ్మా. నిజం."

"మీరు ప్రతి దానికీ అదే కదా అంటారు."

"రేకు కావాలంటే చూసుకో. మర తీస్తే తెలుస్తుంది."

"అమ్మో, దాన్ని ముట్టుకోనిస్తామా?" అని వెనక్కి చూసింది. ఇద్దరు కుర్రాళ్ళు అప్పటికే బెంచీకి అడ్డంగా నిలబడ్డారు. మరలు చూపించాను, తుప్పు చూపించాను. నవ్వారు. ఒకడు నా భుజం తట్టాడు. నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో నేను చెప్పిన ప్రతి అబద్ధమూ చెల్లింది. ఒక్క నిజం చెప్పబోతే కొనేవాడు లేడు.

గురువారం మంచు పట్టింది. మూడింటికి ముందే డోరీన్ వచ్చేసరికి, క్యూ ఆమె కోసం రెండుగా చీలి దారిచ్చింది. ఇమొజెన్ ఎదురొచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"ఉత్తరం ఆవిడ మీరేనట కదా. మీకు అభ్యంతరం లేకపోతే, దాన్ని మీరు ఈ బెంచీ మీద విప్పుతుండగా మేం చూడొచ్చా? టైము ఎంతైనా తీసుకోండి. నిమిషం లెక్క మీకు లేదు."

డోరీన్ నా వైపు చూసింది. ఒట్టు తప్పానని అర్థమైంది ఆమెకి. కోప్పడలేదు. "వద్దని చెప్పు," అన్నాను తెగించి. "చెప్పు డోరీన్. ఒక్క మాట."

"పర్లేదు తల్లీ," అంది డోరీన్ ఆ పిల్లతో. "మీకు ఇబ్బంది లేకపోతే సరే."

కూర్చుంది. కెమెరాలున్న ఫోన్లు ఎనభై లేచాయి. హాలులో ఆ చివరి పదకొండు నిమిషాలప్పుడు ఉండే నిశ్శబ్దం మళ్ళీ అక్కడ చూశాను. మంచు మా మోకాళ్ళ దాకా వచ్చింది. డోరీన్ కళ్ళజోడు పెట్టుకుని, సంచిలోంచి చిన్న కత్తెర తీసి, కవరు అంచు నీటుగా కత్తిరించింది. చదివింది. మళ్ళీ మొదట్నుంచి చదివింది. మొహంలో నాకేమీ కనిపించలేదు, కానీ ఆ పిల్లలకి ఏదో కనిపించినట్టుంది. ఒకమ్మాయి ఏడ్చేసింది. డోరీన్ కాగితం పాత మడతల్లోనే మడిచి, లేచి, "చాలా థాంక్స్ అందరికీ," అంది. వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆమె మూడడుగులు వేయకముందే తర్వాతి మనిషి బెంచీ మీద కూర్చున్నాడు.

బస్సు స్టాపులో నా పక్కన కూర్చుని ఉత్తరం నా చేతికిచ్చింది. రెండు పేరాలు. ఫలితాలు వచ్చాయి, డాక్టరుతో మాట్లాడటానికి రండి, వచ్చేటప్పుడు మీ మనిషిని ఎవరినైనా తోడు తెచ్చుకోండి. మందుల షాపులో అన్నేళ్ళు ఉన్నవాణ్ణి, ఆ ఆఖరి వాక్యం అర్థం నాకు తెలుసు. తారీఖు చూశాను. వారం కిందటి శుక్రవారం, పొద్దున పది గంటలు.

"దాటిపోయింది డోరీన్."

"చూశాను." ఫ్లాస్కు మూత విప్పి, టీ పోసి, ముందు నాకే ఇచ్చింది. "పోయిన వారం ఫోను మోగింది కూడా. తెలీని నంబరని ఎత్తలేదు. వాళ్ళే అయ్యుంటారు. పాపం పొద్దున్నంతా నా కోసం కూర్చుని ఉంటారు శేష్. ఎంత మర్యాద తక్కువ పని చేశాను. రేపు ఫోను చేసి క్షమాపణ చెప్పుకోవాలి."

"రేపు కాదు, ఇప్పుడే చేద్దాం. నేను వస్తాను తోడు."

"నీకేం పనులు లేకపోతేనే."

"ఏం పనులు లేవు."

ఆమె తలూపింది. మంచులోంచి బెంచీ దగ్గరి వాళ్ళ మాటలు గుసగుసగా వినిపిస్తున్నాయి. అక్కడ ఎవరున్నదీ ఇక్కడి నుంచి కనిపించదు.

"లెస్లీకి చెప్పావా?" అన్నాను.

"అంతమంది ముందు ఎలా చెప్తాను," అంది డోరీన్. నా చేతిలోంచి ఉత్తరం తీసుకుని, తిరిగి కవర్లో పెట్టుకుంది.